కథోలిక నాయకులు, అబార్షన్, దివ్యసత్ప్రసాదం: డబ్బు కట్టి చూసిన ఒక ఆన్‌లైన్ కోర్సు

అమెరికాలో కథోలిక రాజకీయ నాయకులకీ శ్రీసభకీ (కథోలిక చర్చికి) అబార్షన్ దగ్గర ఎందుకు పడదు అనే విషయం మీద ఒక వీడియో కోర్సు కొన్నాను. మధ్యలో వదిలేయలేదు, పాఠాలన్నీ చూశాను, ఇచ్చిన పీడీఎఫ్‌లు చదివాను, క్విజ్‌లు రాశాను, లైవ్ చర్చల్లో కూర్చున్నాను. కోర్సు పేరు ఇక్కడ పెట్టడం లేదు, ఎందుకంటే కింద చెప్పబోయే తప్పుల్లో కొన్నిటిని సరిదిద్దుతున్నామని వాళ్లు నాకు రాశారు, అదీగాక ఈ సబ్జెక్టు మీద ఇలాంటివి ఇంకా వస్తూనే ఉంటాయి, ఏం చూసుకుని కొనాలో తెలిస్తే పేరుతో పెద్దగా పనిలేదు. ఐదు స్టార్లకి మూడు ఇస్తున్నాను. ఆ మూడూ దాదాపు ఒకే ఒక్క పాఠం సంపాదించిపెట్టినవి.

నేను ఎక్కడ నిలబడి మాట్లాడుతున్నానో ముందే చెప్పేస్తాను. నేను కథోలికురాలిని, గర్భంలో ఉన్న బిడ్డ ప్రాణం గురించి శ్రీసభ చెప్పేది నమ్ముతాను. అయినా ఈ నాయకులందరినీ ఒకే గాటన కట్టి వేషధారులని తీసిపారేసే ప్రసంగాలు వింటే నాకు బాధగా ఉంటుంది, బిషప్పులంతా ఒక పార్టీ కోసం పనిచేస్తున్నారని తేల్చేసే వ్యాసాలు చదివినా అంతే. ఎందుకంటే ఇక్కడ ఉన్నది ఒక ప్రశ్న కాదు. అబార్షన్ తప్పా అన్నది ఒకటి, దానికి శ్రీసభ జవాబులో ఎక్కడా తడబాటు లేదు. తప్పయినంత మాత్రాన దేశ చట్టం దాన్ని నిషేధించి తీరాలా, ఎంతవరకు, ఎవరికి శిక్ష వేసి, అన్నది ఇంకొకటి. ఆ చట్టానికి అడ్డుపడిన నాయకుడు పూజలో వరుసలో వచ్చి నిలబడితే దివ్యసత్ప్రసాదం (క్రీస్తు శరీరంగా నమ్మి పూజలో ఇచ్చే అప్పం) ఇవ్వాలా వద్దా, ఆ సంగతి తేల్చాల్సింది ఎవరు అన్నది పూర్తిగా వేరే ప్రశ్న. ఈ మూడిటినీ కలిపేసి మాట్లాడేవాళ్లతో ఎంతసేపు వాదించినా తెమలదు. కాబట్టి కోర్సు వీటిని విడదీసి చెప్పిందా లేదా అన్నదే నా కొలత. మొదటి రెండిటినీ చాలా బాగా విడదీసింది, మూడోదాని దగ్గరికి వచ్చేసరికి చేతులెత్తేసింది.

మొదటి పాఠం అప్పుడు అధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న జాన్ ఎఫ్. కెనడీ మీద. 1960 సెప్టెంబర్ 12న హ్యూస్టన్‌లో ప్రొటెస్టంట్ పాస్టర్ల ముందు నిలబడి, ప్రజా వ్యవహారాల్లో నేను నా చర్చి తరఫున మాట్లాడను, చర్చి నా తరఫున మాట్లాడదు అని ఆయన చెప్పిన సందర్భం. వీడియో బాగుంది, పాత ఫుటేజ్ బాగా వాడుకున్నారు. కానీ అప్పటికి అబార్షన్ ఎన్నికల అంశమే కాదు, కథోలికుడు గెలిస్తే వైట్‌హౌస్‌ని పోప్ నడిపిస్తాడేమో అన్నదే అప్పటి భయం. కెనడీ ఇచ్చిన జవాబు ఆ భయానికి. తర్వాత వచ్చిన నాయకులు దాన్ని వేరే ప్రశ్నకి జవాబుగా వాడుకున్నారు, ఆ తేడా పాఠంలో ఎక్కడా రాలేదు.

1973 జనవరి 22న అబార్షన్‌ని రాజ్యాంగ హక్కుగా ప్రకటిస్తూ వచ్చిన రో తీర్పు గురించి చెప్పాల్సినంత చెప్పారు. ఏడుగురు హక్కు వైపు, ఇద్దరు దానికి ఎదురు. అప్పట్లో సుప్రీంకోర్టులో ఉన్న ఒకే ఒక్క కథోలిక జడ్జి విలియం బ్రెనన్, ఆయన ఓటు ఆ ఏడుగురి వైపే పడింది. ఈ సంగతి చాలామందికి తెలియదు, పాఠంలో చెప్పినందుకు మెచ్చుకోవాలి. మసాచుసెట్స్ నుంచి కాంగ్రెస్‌కి గెలిచిన యేసు సభ (జెస్యూట్) గురువు రాబర్ట్ డ్రైనన్ గురించి కూడా ఉంది, అబార్షన్ మీద ఆయన ఓట్లు పెద్ద రచ్చయ్యాయి, 1980లో గురువులు పదవుల్లో ఉండకూడదని రెండో జాన్ పాల్ పోపుగారు అనడంతో ఆయన మళ్లీ పోటీ చేయలేదు. ఇదంతా గబగబా చెప్పుకుపోయారు, ఇబ్బందేం లేదు.

అసలు సరుకంతా 1984 పాఠంలో ఉంది. ఈ ఒక్క పాఠం కోసం కోర్సు కొన్నా డబ్బు వృథా కాదనిపించింది.

ఆ ఏడాది వేసవిలో న్యూయార్క్ అగ్రపీఠాధిపతి (ఆర్చ్‌బిషప్) జాన్ ఒకానర్, అబార్షన్‌ని బాహాటంగా సమర్థించే అభ్యర్థికి కథోలికులు మనస్సాక్షితో ఎలా ఓటెయ్యగలరో నాకు అర్థం కావడం లేదు అన్నారు. అప్పటికి న్యూయార్క్ గవర్నర్ మారియో కువోమో, పూజ తప్పని కథోలికుడు. డెమొక్రాట్ల ఉపాధ్యక్ష అభ్యర్థి జెరాల్డిన్ ఫెరారో, ఆవిడా కథోలికురాలే. అబార్షన్ మీద కథోలికులందరిదీ ఒకే అభిప్రాయం కాదని ఫెరారో సంతకంతో రెండేళ్ల కిందట వెళ్లిన ఒక ఉత్తరం బయటికి రావడం, శ్రీసభ బోధని ఆవిడ వక్రీకరించిందని ఒకానర్ అనడం, అంతా ఎన్నికల వేడిలోనే జరిగిపోయింది. ఈ నేపథ్యంలో సెప్టెంబర్ 13న కువోమో నోటర్‌డామ్ విశ్వవిద్యాలయానికి వెళ్లి తన వాదన మొత్తం విప్పి చెప్పారు.

కోర్సులో టీచర్ చేసిన మంచి పనేమిటంటే, ఆ ప్రసంగాన్ని రెండు వాక్యాల్లోకి కుదించకుండా అంచెలంచెలుగా నడిపించడం. చాలామంది ఆయన మాటని "నా వరకు నేను వ్యతిరేకమే, కానీ ఇతరుల మీద రుద్దను" అన్న ఒక్క ముక్కకి దించేస్తారు. ఆయన చెప్పింది అంతకన్నా చాలా ఉంది. మా ఇంట్లో శ్రీసభ బోధే మా నియమం, నేనూ నా భార్యా దానికి కట్టుబడ్డాం అన్నారు. దాన్ని చట్టంగా మార్చాలా అన్నది మాత్రం విశ్వాసం తేల్చేది కాదని, సమాజంలో ఏకాభిప్రాయం ఉందా, చట్టం పెడితే అమలవుతుందా అని లెక్క వేసుకోవాల్సిన విషయమని అన్నారు. విడాకుల మీద, కుటుంబ నియంత్రణ మీద శ్రీసభకి గట్టి బోధ ఉన్నా వాటిని నిషేధించమని బిషప్పులు చట్టసభల్ని అడగడం లేదు కదా అని గుర్తుచేశారు. బానిసత్వం ఉన్న కాలంలో అమెరికన్ బిషప్పులు దాన్ని రద్దు చేసే చట్టం కోసం పట్టుబట్టలేదన్న చరిత్రని కూడా తెచ్చారు. పేద ఆడవాళ్లకి ప్రభుత్వ వైద్య పథకంలో డబ్బు ఆపితే ఆగేది అబార్షన్లు కాదు, శిక్ష పడేది పేదలకి అన్నారు.

ఇక్కడి దాకా చెప్పి వదిలేస్తే అది ఒక పక్షపు పాఠం అయ్యేది. టీచర్ అక్కడ ఆగలేదు. కొద్ది రోజులకే అదే నోటర్‌డామ్‌కి వచ్చి మాట్లాడిన ఇల్లినాయ్ రిపబ్లికన్ కాంగ్రెస్ సభ్యుడు హెన్రీ హైడ్ వాదనని కూడా అంతే ఓపికగా నడిపించారు. హైడ్ కథోలికుడే, అబార్షన్‌కి ఫెడరల్ డబ్బు వెళ్లకుండా 1976లో తెచ్చిన సవరణ ఆయన పేరు మీదే ఉంది. హైడ్ వైపు మనుషులు అడిగే ప్రశ్న ఇది: శుక్రవారం మాంసం మానడం లాంటిది మతనియమం, దాన్ని పరాయివాడి మీద రుద్దకూడదంటే ఒప్పుకోవచ్చు, కానీ అది ప్రాణం తీయడమే అని మీరు నిజంగా నమ్ముతుంటే మాత్రం అది మీ సొంత భక్తికి సంబంధించిన విషయం ఎలా అవుతుంది? నాకూ ఇదే ప్రశ్న గట్టిగా తగులుతుంది, నలభై ఏళ్ల తర్వాత కూడా దీనికి సూటి జవాబు చెప్పిన నాయకుడు నాకు కనపడలేదు.

తర్వాత టీచర్ ఒక విషయం తెర మీదకి తెచ్చారు, అక్కడ వీడియో ఆపేసి కాసేపు ఆలోచించాల్సి వచ్చింది. కువోమో గవర్నర్‌గా ఉన్నన్నాళ్లూ ఉరిశిక్షని తిరిగి తెచ్చే బిల్లుని ప్రతి ఏడూ వీటో చేశారు. ఆ రాష్ట్రంలో జనం ఎక్కువమంది ఉరిశిక్ష కావాలన్నవాళ్లే, ఏకాభిప్రాయం ఆయనకి ఎదురుగానే ఉంది, అయినా ఆయన మనస్సాక్షి ఏం చెబితే అదే చేశారు. మరి అక్కడ ప్రజాభిప్రాయం చూడనివాడు ఇక్కడ ఎందుకు చూశారు? ప్రాణం తీసే పని ప్రభుత్వమే చేయడం వేరు, పౌరులు చేసేదాన్ని ప్రభుత్వం ఆపకపోవడం వేరు అని ఆయన తరఫున ఒక జవాబు ఉంది. ఆ జవాబు మీకు సరిపోతుందా లేదా అన్నదాన్ని బట్టే ఈ గొడవలో మీరు ఎక్కడ నిలబడతారో తేలుతుంది. టీచర్ ఆ ప్రశ్నని మన ముందు పెట్టి తన తీర్పు చెప్పకుండా తప్పుకున్నారు. ఇంత నిజాయితీగా ఈ విషయం చెప్పినవాళ్లని నేను ఇంకెక్కడా చూడలేదు.

ఇంత మంచి పాఠం తర్వాత కోర్సు నేరుగా 2004కి దూకేస్తుంది. ఇది నాకు అస్సలు మింగుడుపడలేదు. మధ్యలో బాబ్ కేసీ ఉన్నారు కదా! పెన్సిల్వేనియా గవర్నర్, డెమొక్రాట్, కథోలికుడు, అబార్షన్ మీద ఆంక్షలు పెట్టిన ఆ రాష్ట్ర చట్టం కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్లినవాడు. 1992లో వచ్చిన ఆ తీర్పుకి ఆయన పేరే ఉంది. ఆంక్షల్లో చాలావాటిని కోర్టు నిలబెట్టింది కానీ రో మూలసూత్రాన్ని కదపలేదు, ఆ తీర్పు కలిసి రాసిన ముగ్గురిలో ఒకరైన జడ్జి ఆంథొనీ కెనడీ కూడా కథోలికుడే. అదే ఏడు తన సొంత పార్టీ మహాసభలో కేసీకి మాట్లాడే అవకాశం ఇవ్వలేదు. శ్రీసభకి ఎదురెళ్లిన కథోలికుల గురించి ఇంత కోర్సు పెట్టినవాళ్లు, శ్రీసభ మాట పట్టుకుని పార్టీకి ఎదురెళ్లిన కథోలికుల మీద ఒక్క పాఠం పెట్టలేకపోయారా? ఇల్లినాయ్ నుంచి కాంగ్రెస్ సభ్యుడిగా ఉండిన డెమొక్రాట్ డాన్ లిపిన్‌స్కీ ఉన్నారు, 2020 ప్రైమరీలో సొంత పార్టీ ఓటర్ల చేతిలోనే సీటు పోగొట్టుకున్నారు. లూసియానాలో జాన్ బెల్ ఎడ్వర్డ్స్ ఉన్నారు, డెమొక్రాట్ గవర్నర్ అయి ఉండి 2019లో పిండం గుండెచప్పుడు తెలిశాక అబార్షన్‌ని నిషేధించే బిల్లు మీద సంతకం పెట్టారు. పార్టీ చెప్పినట్టు నడవడం తప్ప నాయకుడికి వేరే దారే లేదన్నట్టు కోర్సు చూస్తే అనిపిస్తుంది. దారి ఉంది, ఆ దారిన నడిచినవాళ్లు ఉన్నారు, వాళ్లలో కొందరు రాజకీయంగా దెబ్బతిన్నారు. వాళ్ల పేర్లు కూడా తలుచుకోకపోవడం అన్యాయం.

ఇంకో లోపం దీనికన్నా పెద్దది. 1995 మార్చి 25న రెండో జాన్ పాల్ పోపుగారు ప్రాణం విలువ మీద ఇచ్చిన విశ్వలేఖ (పోపు శ్రీసభకంతటికీ రాసే బోధలేఖ)లోని 73వ పేరాని ఒక పీడీఎఫ్‌లో ఇచ్చారు. చట్టసభల్లో ఉన్న కథోలికులకి ఈ మొత్తం విషయంలో అన్నిటికన్నా పనికొచ్చే పేరా అదే. అందులో మొదటి సగం, అబార్షన్‌ని అనుమతించే అన్యాయపు చట్టానికి ఓటెయ్యడం, దాని కోసం ప్రచారం చేయడం ఎప్పుడూ తగదని చెబుతుంది. రెండో సగం, అలాంటి చట్టాన్ని పూర్తిగా రద్దు చేయడం కుదరని పరిస్థితుల్లో, అబార్షన్‌కి తాను పూర్తిగా వ్యతిరేకి అని అందరికీ తెలిసిన సభ్యుడు, దాని హానిని తగ్గించే బిల్లుకి ఓటెయ్యవచ్చు అని చెబుతుంది. అంటే అసెంబ్లీలో కూర్చున్న మనిషికి అంతా లేదంటే ఏమీ లేదు అని కాకుండా, చేతనైనంత చేసే వీలు ఉంది. కోర్సు వాళ్ల పీడీఎఫ్‌లో మొదటి సగం దగ్గరే పేజీ అయిపోయింది. రెండో సగం లేదు, కొంత వదిలేశామని సూచించే చుక్కలు కూడా లేవు. ఇలా ఎందుకు జరిగిందని రాసి అడిగాను, పేజీలు తక్కువ చేయడానికి కత్తిరించాం అన్నారు. సగం పేరా చదివినవాళ్లు శ్రీసభ రాజకీయ నాయకుల చేతులు కట్టేసిందని అనుకుంటారు, లైవ్ చర్చలో ఇద్దరు ముగ్గురు సరిగ్గా అదే అన్నారు.

ఇక దివ్యసత్ప్రసాదం పాఠం. నేను ముఖ్యంగా దీని కోసమే కొన్నాను, ఇదే అన్నిటికన్నా నాసిగా ఉంది. క్విజ్‌లో ఒక ప్రశ్న: 2022లో అప్పటి ప్రతినిధుల సభ స్పీకర్ నాన్సీ పెలోసీని శ్రీసభ నుంచి వెలివేశారు, అవునా కాదా? నేను కాదు అని పెట్టాను. ఎర్ర గుర్తు పడింది, సరైన జవాబు అవును అని చూపించింది. ఇది పచ్చి తప్పు. 2022 మే 20న శాన్‌ఫ్రాన్సిస్కో అగ్రపీఠాధిపతి సాల్వతోరే కోర్దిలియోనే బయటపెట్టిన నిర్ణయం ప్రకారం, తన మేత్రాసనంలో (తన కింద ఉన్న చర్చి ప్రాంతంలో) ఆవిడకి దివ్యసత్ప్రసాదం ఇవ్వకూడదు. అది శ్రీసభ చట్టంలోని 915వ నియమం కింద తీసుకున్న చర్య. వెలివేత వేరే, దానికి వేరే నియమాలు ఉన్నాయి. అబార్షన్ చేసినవాళ్లకి, చేయించుకున్నవాళ్లకి తనంతట తానే పడే వెలి శిక్ష 1983 చట్టంలో 1398వ నియమంగా ఉండేది, 2021 డిసెంబర్‌లో సవరించిన శిక్షల భాగం అమల్లోకి వచ్చాక అది 1397లోకి మారింది. చట్టసభలో వేసిన ఓటు ఆ నియమం కిందకి వస్తుందని శ్రీసభ న్యాయపండితులు సాధారణంగా అనరు. ఈ తేడా తెలియకుండా ఈ పాఠం చెప్పడానికి కూర్చోవడమే తప్పు. నేను మెయిల్ పెట్టాక క్విజ్ మార్చారు, వీడియోలో మాత్రం ఆ మాట అలాగే ఉంది.

915, 916 నియమాల మధ్య తేడా కూడా వాళ్లు చెప్పలేదు. 916 స్వీకరించేవాళ్లతో మాట్లాడుతుంది: ఘోరమైన పాపంలో ఉన్నానని నీకు తెలిస్తే పాపసంకీర్తనం చేయకుండా సత్ప్రసాదం దగ్గరికి రాకు అంటుంది. 915 ఇచ్చేవాళ్లతో మాట్లాడుతుంది: బహిరంగంగా కనిపించే ఘోరపాపంలో మొండిగా కొనసాగేవాళ్లకి ఇవ్వకు అంటుంది. గొడవంతా ఆ మొండిగా, బహిరంగంగా, ఘోరపాపం అన్న మాటలు ఒక ఓటుకి వర్తిస్తాయా అన్న దగ్గరే. 2004లో కథోలికుడైన డెమొక్రాట్ జాన్ కెరీ అధ్యక్ష పదవికి పోటీ చేసినప్పుడు సెయింట్ లూయిస్ అగ్రపీఠాధిపతి రేమండ్ బర్క్ వర్తిస్తాయన్నారు, వేరే బిషప్పులు పూజ వరుసని రాజకీయ వేదిక చేయొద్దన్నారు. ఆ జూన్‌లో డెన్వర్‌లో కలిసిన అమెరికా బిషప్పులు ఏ మేత్రాసనంలో ఆ బిషప్ తేల్చుకోవాలని 183 ఓట్లకి 6 ఓట్లతో నిర్ణయించారు. రోమ్ నుంచి అప్పట్లో శ్రీసభ సిద్ధాంత వ్యవహారాల కార్యాలయం అధిపతి, తర్వాత పోపు అయిన కార్డినల్ రాట్సింగర్ పంపిన చిన్న లేఖ అంతకన్నా కఠినంగానే ఉంది: ఫాదర్ ముందు ఆ నాయకుణ్ణి కలవాలి, బోధించాలి, హెచ్చరించాలి, అయినా మానకపోతే ఇవ్వకూడదు. అదే లేఖ చివర ఓటర్ల గురించి ఒక గమనిక ఉంది, అబార్షన్‌ని సమర్థిస్తున్నాడన్న కారణంతోనే ఒక అభ్యర్థికి ఓటేస్తే అది పాపంలో పాలుపంచుకోవడమే, అది నచ్చకపోయినా వేరే కారణాల కోసం ఓటేస్తే, ఆ కారణాలు తగినంత బరువైనవైతే, అనుమతించవచ్చు అని. రెండు వర్గాలూ ఈ లేఖలో తమకి కావలసిన సగమే చదువుతాయి. కోర్సు మొదటి సగం చదివింది.

ఒకే దేశంలో, ఒకే శ్రీసభలో, ఒకే మనిషికి ఒక చోట సత్ప్రసాదం ఆపి ఇంకో చోట ఇవ్వడం మామూలు విశ్వాసికి ఎంత అయోమయంగా ఉంటుందో ఆలోచించండి. పెలోసీకి శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆపారు, వాషింగ్టన్‌లో కార్డినల్ విల్టన్ గ్రెగరీ ఆపలేదు, ఆ జూన్ 29న రోమ్‌లో సాక్షాత్తు పేతురుగారి దేవాలయంలో పోపుగారి పూజలో ఆవిడ స్వీకరించారు. బైడెన్‌కి 2019 అక్టోబర్‌లో సౌత్ కరోలినాలో ఒక ఫాదర్ ఇవ్వలేదు, రెండేళ్ల తర్వాత పోప్ ఫ్రాన్సిస్‌ని కలిసి బయటికి వచ్చి, నువ్వు మంచి కథోలికుడివి, స్వీకరిస్తూ ఉండు అని పోపుగారు అన్నారని ఆయన విలేకరులకి చెప్పారు. అంతకు నెలన్నర ముందే అదే ఫ్రాన్సిస్ విమానంలో విలేకరులతో అబార్షన్ హత్యే అన్నారు, నేను ఎవరికీ సత్ప్రసాదం నిరాకరించలేదు అని కూడా అన్నారు, బిషప్పులు కాపరులుగా ఉండాలి అన్నారు. ఈ మాటలన్నీ ఒకే మనిషి నోటి నుంచి వచ్చాయి, ఆయన దృష్టిలో వాటి మధ్య వైరుధ్యం లేదు. ఈ పాయింటు చుట్టూ ఒక గంట పాఠం చెప్పొచ్చు. కోర్సులో మూడు ఫొటోలు వేసి ముందుకెళ్లిపోయారు.

2021 సంగతి కొంచెం నయం. జూన్‌లో సత్ప్రసాదం మీద పత్రం రాయాలని బిషప్పులు 168కి 55 ఓట్లతో తీర్మానించడం, అంతకుముందు మేలో రోమ్ నుంచి అదే సిద్ధాంత వ్యవహారాల కార్యాలయం అధిపతి కార్డినల్ లదారియా మీలో మీరు ముందు మాట్లాడుకోండి, కథోలికుల బాధ్యత అంటే అబార్షన్, కారుణ్య మరణం రెండే అన్న భావన రానివ్వకండి అని రాయడం, నవంబర్‌లో వచ్చిన ఆఖరి పత్రంలో ఏ నాయకుడి పేరూ లేకపోవడం, 222 మంది దానికి ఓటెయ్యడం, ఇదంతా వరసగా చెప్పారు. దేశాధినేతల మీద తీర్పు చెప్పే హక్కు పోపుగారికి ఒక్కరికే ఉందని చెప్పే 1405వ నియమాన్ని కూడా ఇక్కడ ప్రస్తావించి ఉంటే బాగుండేది.

రిపబ్లికన్ల వైపు కోర్సు దాదాపు చూడలేదు, నేను స్టార్లు తగ్గించిన ముఖ్య కారణాల్లో ఇదొకటి. అబార్షన్ హక్కుల్ని సమర్థించిన కథోలిక రిపబ్లికన్లు ఉన్నారు: న్యూయార్క్ మేయర్‌గా చేసిన రూడీ జూలియానీ, మెయిన్ సెనేటర్ సుసాన్ కాలిన్స్, అలాస్కా సెనేటర్ లీసా మర్కోస్కీ. 2019లో కథోలికంలోకి వచ్చిన జేడీ వాన్స్ 2024 జూలైలో అబార్షన్ మాత్ర మిఫెప్రిస్టోన్ అందుబాటులో ఉండడాన్ని తాను సమర్థిస్తానన్నారు, ఆ నెలలోనే ఉపాధ్యక్ష అభ్యర్థి అయ్యారు. కెరీ, బైడెన్ విషయంలో లేచినంత దుమారం ఆయన విషయంలో లేవలేదు. 2018లో సత్యోపదేశాన్ని (శ్రీసభ బోధల పుస్తకాన్ని) సవరించి మరణశిక్ష ఆమోదయోగ్యం కాదని రాశాక, 2020లో ఫెడరల్ ఉరిశిక్షలు తిరిగి మొదలుపెట్టిన అటార్నీ జనరల్ విలియం బార్ కథోలికుడే. రెండూ సమానమని నేను అనడం లేదు, రాట్సింగర్ లేఖే అబార్షన్‌కీ మరణశిక్షకీ బరువు ఒకటి కాదని చెప్పింది. కానీ ఒక పార్టీ వాళ్ల మీదే నియమం గుర్తొస్తే ఆ నియమం మీద జనానికి గౌరవం పోతుంది. 2025 సెప్టెంబర్‌లో షికాగో మేత్రాసనం సెనేటర్ డిక్ డర్బిన్‌కి పురస్కారం ఇవ్వబోతే ఎంత గొడవైందో చూశాం, 2004 నుంచి ఆయన సొంత ఊరు స్ప్రింగ్‌ఫీల్డ్ మేత్రాసనంలో ఆయనకి సత్ప్రసాదం లేదు, చివరికి ఆయనే పురస్కారం వద్దన్నారు. ఆ రోజు లియో పోపుగారిని అడిగితే, అబార్షన్‌కి వ్యతిరేకినంటూ మరణశిక్షని సమర్థించేవాళ్లు నిజంగా ప్రాణం పక్షాన ఉన్నట్టు కాదు అన్నారు. కోర్సు ఆ సంఘటన కన్నా ముందు తయారైంది, దాన్ని తప్పుపట్టను, అప్‌డేట్ చేస్తామన్నారు కాబట్టి ఇది చేర్చాలి.

అమెరికా బయటి దేశాలకి ఒక్క పాఠమే, అదీ హడావుడిగా. 1990 ఏప్రిల్‌లో బెల్జియం రాజు బోదువాన్ అబార్షన్ చట్టం మీద సంతకం పెట్టనని మనస్సాక్షిని అడ్డం పెట్టుకుంటే, ప్రభుత్వం ఆయన్ని తాత్కాలికంగా పాలించలేని స్థితిలో ఉన్నాడని ప్రకటించి, మంత్రివర్గమే చట్టాన్ని అమల్లోకి తెచ్చి, వెంటనే పార్లమెంటు ఆయన్ని మళ్లీ సింహాసనం ఎక్కించిన కథ బాగా చెప్పారు. ఐర్లండ్ గురించి మాత్రం 2018 రిఫరెండంలో అబార్షన్ నిషేధం ఎత్తేయాలని 66 శాతం ఓటేశారని ఒక ముక్క చెప్పి వదిలేశారు. అక్కడ 2012లో అబార్షన్ నిరాకరించాక గర్భిణి సవితా హాలప్పనవర్ చనిపోవడం, ఆ మరుసటి ఏడు తల్లి ప్రాణానికి ముప్పు ఉన్నప్పుడు అనుమతించే చట్టం తెస్తూ ప్రధాని ఎండా కెన్నీ, నేను కథోలికుణ్ణైన ప్రధానినే కానీ కథోలిక ప్రధానిని కాను అనడం, ఆ బిల్లుకి ఓటెయ్యనందుకు మంత్రి లూసిండా క్రైటన్ పార్టీ చట్టసభా పక్షం నుంచి బయటికి పోవడం, ఇవి లేకుండా ఐర్లండ్ ఎలా అర్థమవుతుంది? గర్భిణి ప్రాణం గురించి ఒక్క మాట లేకుండా ఈ సబ్జెక్టు చెప్పడం నాకు నచ్చలేదు, శ్రీసభ బోధని నమ్మేదాన్నైనా చెబుతున్నాను.

లైవ్ చర్చలు పర్వాలేదు. మోడరేటర్ మర్యాదగా ఉన్నారు, ఎవరినీ అరవనివ్వలేదు, కానీ కష్టమైన ప్రశ్న వస్తే "తర్వాతి వారం చూద్దాం" అని దాటేసేవారు, ఆ తర్వాతి వారం అది రాదు. అమెరికా కథోలికుల్లో దాదాపు 60 శాతం మంది అబార్షన్ అన్ని లేదా చాలా సందర్భాల్లో చట్టబద్ధంగా ఉండాలంటున్నారని ప్యూ పరిశోధన సంస్థ సర్వేలు చెబుతున్నాయి, మరి నాయకులు బోధకి ఎదురెళ్తున్నారా, వాళ్లని ఎన్నుకున్న విశ్వాసులే ఎదురెళ్తున్నారా అని ఒకావిడ అడిగారు. మంచి ప్రశ్న. అది కూడా తర్వాతి వారానికే పోయింది.

సబ్‌టైటిల్స్ శుభ్రంగా ఉన్నాయి, ఇంగ్లిష్ యాస అర్థంకాని వాళ్లకీ ఇబ్బంది ఉండదు. ఫోన్‌లో వీడియో డౌన్‌లోడ్ అవుతుంది, పీడీఎఫ్‌లు మాత్రం ఫోన్‌లో చదవడం కష్టం, అక్షరాలు చిన్నవి. డాలర్లలో కట్టాలి, మొదటి వారంలోపు వద్దనుకుంటే డబ్బు వెనక్కి ఇస్తారు. 1984 పాఠం మొదటి వారంలో తెరవరు, కాబట్టి ఆ గడువుని నమ్ముకుని కొనకండి. ఉచితంగా చూడమని పెట్టింది కెనడీ పాఠం, అది చూసి కోర్సంతా తేలిగ్గా ఉంటుందనుకోకండి, కువోమో, హైడ్ పాఠం ఉచితంగా పెట్టమని వాళ్లకి రాశాను, మీరూ అడగండి. 73వ పేరా, రాట్సింగర్ లేఖ, 915, 916 నియమాలు నెట్‌లో పూర్తిగా, ఉచితంగా దొరుకుతాయి, దివ్యసత్ప్రసాదం పాఠం తెరిచే ముందు వాటిని చదువుకుని కూర్చోండి.